లెడియన్‌కు జట్టులో చోటు ఇవ్వవచ్చా? బలహీనమైన పోకెమాన్ సత్తాను ఎలా తూచాలి?

కాకినాడ_కుర్రాడు
మా మిత్రులం ఎనిమిది మందిమి షోడౌన్ అనే ఆన్‌లైన్ పోకెమాన్ యుద్ధాల సైట్‌లో ఒక డ్రాఫ్ట్ లీగ్ (పోకెమాన్‌లను వంతులవారీగా ఎంచుకునే పోటీ) నడుపుకుంటున్నాము. ఏడవ తరం (సన్, మూన్ ఆటల) నియమాలు, డబుల్స్ (ఒక్కో వైపు రెండేసి పోకెమాన్‌లు బరిలో ఉండే ఆట), లెవల్ 50. ఒక్కొక్కరికి ఎనిమిది పోకెమాన్‌లు ఉంటాయి. మ్యాచ్‌కు ఆరింటిని చూపించి నాలుగింటిని దింపుతాము, మూడు ఆటల్లో రెండు గెలిచినవారిది మ్యాచ్. ఒకరు ఎంచుకున్నదాన్ని మరొకరు తీసుకోకూడదు. చివరి వంతు నాది కావడంతో నాకు బగ్, ఫ్లయింగ్ టైప్ లెడియన్ దక్కింది. దాని బేస్ స్టాట్స్ (పుట్టుకతో వచ్చే బలాల అంకెలు) మొత్తం 390: హెచ్‌పీ 55, ఎటాక్ 35, డిఫెన్స్ 50, స్పెషల్ ఎటాక్ 55, స్పెషల్ డిఫెన్స్ 110, స్పీడ్ 85.

ఆ స్లాట్ ఖాళీగా ఉన్నట్టే భావించుకొమ్మని ఏడుగురూ అంటున్నారు. వాళ్ల మాట నిజమే కావచ్చు. కానీ ఎందుకు పనికిరాదో ఒక్కరూ లెక్కకట్టి చూపలేదు, మొత్తం అంకె చూసి తీర్పు చెప్పేశారు. ఒక బలహీనమైన పోకెమాన్‌కు పోటీలో పనికొచ్చే గుణం ఉందో లేదో తేల్చుకోవడానికి మీరు ఏ క్రమంలో ఆలోచిస్తారో తెలుసుకోవాలని అడుగుతున్నాను.

ఓరుగల్లు_ఆటగాడు
ఎటాక్ 35, రాక్ దెబ్బకు నాలుగు రెట్ల నష్టం. ఈ రెండూ తెలిశాక నాకు మూడో ప్రశ్న అవసరమనిపించదు. మీ మిత్రులు తొందరపడ్డారని నేను అనుకోవడం లేదు.

పాతతరం_1999
రెండవ తరం ఆటల్లో ఉదయం వేళ గడ్డిలో లెడిబా కనిపిస్తే మా అన్న కన్సోల్ నా చేతికిచ్చి పట్టుకోమనేవాడు. దాన్ని మేము అక్షింతల పురుగు అనే పిలుచుకునేవాళ్లం. కాబట్టి నా మాటలో మమకారం ఉంటుందని ముందే ఒప్పుకుంటున్నాను. అయినా మొత్తం అంకె ఒక్కటే చూసి కొట్టిపారేయడం సరికాదు. 2014లో వాషింగ్టన్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో సేజున్ పార్క్ పచిరిసుతో విజేత అయ్యాడు. పచిరిసు మొత్తం 405, అంటే మీ లెడియన్ కంటే పదిహేను మాత్రమే ఎక్కువ. పిట్ట కొంచెం, కూత ఘనం.

ఓరుగల్లు_ఆటగాడు
బలహీనమైన పోకెమాన్ గురించి ఎవరు అడిగినా పచిరిసు పేరు రావడం మామూలే. ఆ జట్టులో గ్యారడోస్, గార్‌చాంప్, టాలన్‌ఫ్లేమ్, గార్డెవార్, గోథిటెల్ కూడా ఉన్నాయి. గెలుపులో వాటి వాటా ఎంతో కూడా చెప్పాలి కదా.

లెక్కల_మాస్టారు
మీ ఇద్దరి మాటల్లోనూ సగం నిజం ఉంది. పచిరిసు గెలిచిందని అందరికీ గుర్తుంది, ఎందుకు పనిచేసిందో చాలామంది చూడలేదు. నేను ఆ లెక్క ఒకసారి చేసుకున్నాను కాబట్టి ఇక్కడ పెడుతున్నాను.

ఆ పచిరిసుకు హెచ్‌పీలోను, డిఫెన్స్‌లోను పూర్తి ఈవీలు (శిక్షణతో కలిపే అదనపు పాయింట్లు) ఇచ్చి, డిఫెన్స్ పెంచే నేచర్ (ఒక అంకెను పెంచి మరొకదాన్ని తగ్గించే స్వభావం) పెట్టారు. లెవల్ 50లో హెచ్‌పీ 167, డిఫెన్స్ 134 వస్తాయి. ఎదురుగా పూర్తి ఎటాక్ ఈవీలతో, స్పీడ్ పెంచే జాలీ నేచర్‌తో గార్‌చాంప్ ఉందనుకుందాం, దాని ఎటాక్ 182. అది డబుల్స్‌లో ఎర్త్‌క్వేక్ వేస్తే దెబ్బ ఒకటి కంటే ఎక్కువ మందికి పంచబడుతుంది కాబట్టి ముప్పావు వంతుకు తగ్గుతుంది. పచిరిసుకు తగిలే నష్టం 116 నుంచి 138 వరకు. అంటే నేల దెబ్బ రెండింతలు తగిలే ఒక చిన్న ఎలక్ట్రిక్ జీవి, ఆ కాలంలో అందరూ భయపడిన నేల దెబ్బను తిని నిలబడుతుంది. గార్‌చాంప్‌కు దెబ్బను పెంచే లైఫ్ ఆర్బ్ ఐటెం ఉంటే మాత్రం ఆ హామీ పోతుంది.

బతికి ఏం చేస్తుంది అన్నది అసలు సంగతి. ఫాలో మీతో దెబ్బలను తనవైపు లాక్కుంటుంది. ఓల్ట్ అబ్జార్బ్ అనే అబిలిటీ (సహజ గుణం) ఉంది కాబట్టి అలా లాక్కున్నది ఎలక్ట్రిక్ దెబ్బ అయితే హెచ్‌పీ పెరుగుతుంది. మెగా రూపంలోకి మారకముందు గ్యారడోస్‌కు ఎలక్ట్రిక్ నాలుగు రెట్లు, మెగా అయ్యాక రెండు రెట్లు తగులుతుంది. దాని పక్కన నిలబడడానికి ఇంతకంటే తగిన తోడు దొరకడం కష్టం. సూపర్ ఫాంగ్ ఎదుటివారి మిగిలిన హెచ్‌పీలో సగం కోస్తుంది, దానికి ఎటాక్ అంకెతో పనిలేదు. నజుల్ తగిలితే పెరాలిసిస్ ఖాయం, దానికీ ఎటాక్ అక్కరలేదు. ఎటాక్ 45 అన్న లోపం ఏ మూవ్‌నూ తాకకుండా, ప్రొటెక్ట్‌తో (ఆ టర్నులో దెబ్బలను అడ్డుకునే మూవ్) కలిపి నాలుగింటినీ ఎంచారు.

నిశ్శబ్ద_ప్రేక్షకురాలు
ఎర్త్‌క్వేక్, రాక్ స్లైడ్ లాంటివి అందరికీ తగిలేవి కాబట్టి వాటిని ఫాలో మీ లాక్కోదని కొత్తవారి కోసం చేరుస్తున్నాను. మాస్టారు గారు లెక్కకట్టింది పచిరిసు తన వంతుగా తినే దెబ్బ మాత్రమే.

లెక్కల_మాస్టారు
అవును, ఆ తేడా స్పష్టంగా చెప్పినందుకు ధన్యవాదాలు. ఇంకొకటి కూడా ఉంది. ఆ ఏడాది కాలోస్ (ఆరవ తరం ఆటల ప్రాంతం) పోకెడెక్స్ జాబితాలో ఉన్నవాటినే అనుమతించారు. ఫాలో మీ వాడేవాళ్లలో పేరున్న టోగెకిస్‌కు ఆ నియమాల్లో ప్రవేశం లేదు. ఫాలో మీ లాగే దెబ్బలను లాక్కునే రేజ్ పౌడర్ వాడే అమూంగస్ ఉంది కానీ, ఆరవ తరం నుంచి ఆ పొడి గ్రాస్ టైప్ మీద పనిచేయదు. పచిరిసుకు ఆ చోటు దొరకడానికి దాని గుణం ఎంత కారణమో, ఆ ఏటి నియమాలూ అంతే కారణం.

రెండో_చూపు
నా అనుభవం దీనికి వ్యతిరేకంగా ఉంది కాబట్టి చెబుతున్నాను. ఇదే తరం నియమాల్లో నేను మూడు నెలలపాటు సన్‌ఫ్లోరాను వదలకుండా ఆడాను. స్పెషల్ ఎటాక్ 105 ఉంది, ఎండలో క్లోరోఫిల్ వల్ల స్పీడ్ రెట్టింపు అవుతుంది కదా అన్నది నా వాదన. ఎండలో దాని స్పీడ్ పూర్తి ఈవీలతో 164కు చేరుతుంది. అదే క్లోరోఫిల్ ఉన్న వీనసార్ అంతే ఈవీలతో 264కు చేరుతుంది. వీనసార్ స్పెషల్ ఎటాక్ 100, అంటే సన్‌ఫ్లోరా కంటే కేవలం ఐదు తక్కువ. పైగా దానికి నిద్రపుచ్చే స్లీప్ పౌడర్ ఉంది, దెబ్బకు తట్టుకునే శక్తీ ఎక్కువే.

ఐదు పాయింట్ల ఆధిక్యాన్ని పట్టుకుని నూరు పాయింట్ల నష్టాన్ని నేను చూడలేకపోయాను. ఒక పోకెమాన్ మంచిదా చెడ్డదా అని అడగడం మానేసి, ఇదే పనిని ఇంతకంటే బాగా చేసేది ఎవరైనా ఉన్నారా అని అప్పటి నుంచి అడుగుతున్నాను. జవాబు ఉంది అని వస్తే ఆ పోకెమాన్‌ను పక్కన పెడతాను, ఎంత ఇష్టమైనదైనా సరే.

డల్లాస్_బాబాయ్
లెడియన్‌కు ఐరన్ ఫిస్ట్ ఉంది కదా, గుద్దే మూవ్‌లన్నీ బలపడతాయి. మాక్ పంచ్, డ్రెయిన్ పంచ్, ఐస్ పంచ్, థండర్ పంచ్ అన్నీ నేర్చుకుంటుంది. ఎటాక్ 50 ఉన్న అజుమరిల్‌ను అబిలిటీయే నిలబెట్టింది. లెడియన్‌ను ఎందుకు నిలబెట్టకూడదు?

లెక్కల_మాస్టారు
మంచి ప్రశ్న. అబిలిటీ బలహీనతను సరిదిద్దగలదు, కానీ ఎన్ని రెట్లు సరిదిద్దుతుందో చూడాలి. అజుమరిల్ హ్యూజ్ పవర్ ఎటాక్‌ను రెండింతలు చేస్తుంది. పూర్తి ఈవీలు, ఎటాక్ పెంచే అడమెంట్ నేచర్‌తో దాని ఎటాక్ 112, రెట్టింపు అయితే 224. అదే పెట్టుబడి పెడితే లెడియన్ ఎటాక్ 95. ఐరన్ ఫిస్ట్ గుద్దులను ఒకటికి రెండు పదోవంతులు, అంటే 20 శాతం మాత్రమే పెంచుతుంది. ఆ గుద్దుల్లో ఏదీ బగ్ టైప్ కాదు, ఫ్లయింగ్ టైప్ కాదు, కాబట్టి సొంత టైప్ వల్ల వచ్చే ఒకటిన్నర రెట్లు కూడా రావు.

ఉదాహరణకు ఇన్సినెరోర్ మీద మాక్ పంచ్ వేద్దాం. ఫైటింగ్ దెబ్బ దానికి రెండింతలు తగులుతుంది, ఐరన్ ఫిస్ట్ కూడా ఉంది, ఎటాక్‌లో పూర్తి ఈవీలు ఉన్నాయి. డిఫెన్స్‌లో ఏ పెట్టుబడీ లేని ఇన్సినెరోర్‌కు కూడా పోయేది గరిష్ఠంగా 40, దాని హెచ్‌పీ 202. ఎదుటివారి ఎటాక్ తగ్గించే దాని అబిలిటీ ఇంటిమిడేట్ పడితే ఆ 40 కాస్తా 28 అవుతుంది. ఐదు గుద్దులు గుద్దినా పడని ప్రత్యర్థి మీద ఆ పని పెట్టుకోకూడదు.

డల్లాస్_బాబాయ్
ఒప్పుకున్నాను. గుద్దుల దారి మూసుకుపోయింది.

పాతతరం_1999
మొత్తం అంకె ఎంత మోసం చేయగలదో చెప్పడానికి అటువైపు ఉదాహరణలు కూడా చూడాలి. స్లాకింగ్ మొత్తం 670, కానీ ట్రువెంట్ వల్ల ఒక టర్ను ఆడితే మరో టర్ను పడుకుంటుంది. షకుల్ మొత్తం 505, అందులో 460 రెండు డిఫెన్స్‌లకే పోయింది, హెచ్‌పీ 20 మాత్రమే. వొబఫెట్ మొత్తం 405, తనంతట తాను దెబ్బ వేయలేదు, అయినా ఎదుటివారిని వెనక్కి వెళ్లనివ్వని షాడో ట్యాగ్ వల్ల మూడవ తరం సింగిల్స్‌లో (ఒకటికి ఒకటి ఆట) పోటీ నియమాలు రూపొందించే స్మోగన్ సైట్ వాళ్లు దాన్ని పెద్ద పెద్ద లెజెండరీల వరుసలోకి నెట్టారు. ఒకే మొత్తం ఉన్న పచిరిసు, వొబఫెట్ చేసే పనుల మధ్య పోలికే లేదు.

టెయిల్‌విండ్_తాత
గుద్దుల మాట వదిలేసి సాయం చేసే మూవ్‌లు చూడండి. లెడియన్‌కు టెయిల్‌విండ్ ఉంది, దెబ్బలు తగ్గించే స్క్రీన్లు రిఫ్లెక్ట్, లైట్ స్క్రీన్ ఉన్నాయి, ఎదుటివారితో చివరి మూవ్‌నే మళ్లీ మళ్లీ వేయించే ఎంకోర్ ఉంది. వీటిలో వేటికీ ఎటాక్ అక్కరలేదు. టెయిల్‌విండ్ నాలుగు టర్నులు జట్టు స్పీడ్‌ను రెట్టింపు చేస్తుంది. స్పీడ్ 85 అంటే పూర్తి ఈవీలు, స్పీడ్ పెంచే టిమిడ్ నేచర్‌తో 150 వస్తుంది, సాయం చేసేవాటిలో ఇది మరీ నెమ్మది కాదు. మాస్టారు గారు పచిరిసు గురించి చెప్పిన సూత్రం ఇక్కడా వర్తిస్తుంది: లోపం ఉన్న అంకెను ముట్టుకోని మూవ్‌లు ఎంచుకోవాలి.

ఓరుగల్లు_ఆటగాడు
తాత గారూ, మీరు చెప్పిన నాలుగు మూవ్‌లూ టోగెకిస్‌కు ఉన్నాయి. పైగా ఫాలో మీ కూడా ఉంది. దాని మొత్తం 545. లెడియన్‌కు ఉన్న ఆధిక్యం స్పీడ్‌లో ఐదు పాయింట్లు, అంతే. రెండో_చూపు గారి సన్‌ఫ్లోరా కథ మళ్లీ మొదలైంది.

స్క్రీన్ల విషయానికి వస్తే, డబుల్స్‌లో అవి దెబ్బను సగానికి తగ్గించవు, మూడో వంతు మాత్రమే తగ్గిస్తాయి. అలోలా నైన్‌టేల్స్ వడగళ్లలో అరోరా వీల్ వేస్తే రెండు స్క్రీన్ల పని ఒకే టర్నులో అయిపోతుంది. లెడియన్‌కు రెండు టర్నులు పడతాయి, అన్ని టర్నులు అది బతకాలి కూడా.

రెండో_చూపు
నాకూ టోగెకిస్సే గుర్తొచ్చింది. ఈ ప్రశ్న ఇక్కడితో ముగిసిందని అనుకుంటున్నాను.

కాకినాడ_కుర్రాడు
ముగియలేదండీ, ఒక ముఖ్యమైన నియమం నేను మొదట చెప్పి ఉండాల్సింది. మా లీగ్‌లో ప్రతి జట్టులోనూ మొత్తం 400 మించని పోకెమాన్ ఒకటి తప్పనిసరిగా ఉండాలి. పచిరిసు ఐదు పాయింట్ల తేడాతో ఆ గీత దాటిపోయింది. స్మెర్గుల్, సేబులై, క్లెఫెయిరీ నాకంటే ముందే వెళ్లిపోయాయి. టోగెకిస్, విమ్సికాట్ రెండూ ఇతరుల జట్లలో ఉన్నాయి. నా దగ్గర గోథిటెల్, అజుమరిల్, గార్‌చాంప్, ఫెరోథార్న్ ఉన్నాయి, ఇంకో మూడు మామూలువి, చివర్లో ఇది.

రెండో_చూపు
అయితే నేను నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. దీన్ని టోగెకిస్‌తో పోల్చడం తప్పు, ఎందుకంటే టోగెకిస్ మీకు దొరకదు. పోల్చవలసింది 400 గీత కింద మిగిలిపోయినవాటితో. స్పిండా, లవ్‌డిస్క్, డెలిబర్డ్ లాంటివి మిగిలి ఉంటే వాటితో. ఆ గుంపులో టెయిల్‌విండ్, ఎంకోర్ రెండూ ఉండి స్పీడ్ 85 ఉన్నది అంటే నాకు ఆసక్తి కలుగుతోంది.

ఓరుగల్లు_ఆటగాడు
పోలిక మారిందని ఒప్పుకుంటాను. అయినా ఎనిమిదింటిలో ఉండడం వేరు, ఆరింటిలో చూపించడం వేరు, నాలుగింటిలో దింపడం వేరు. నియమం ప్రకారం జట్టులో ఉంటే చాలు కదా. దింపడానికి కారణం ఇంకా ఎవరూ చూపలేదు.

కాకినాడ_కుర్రాడు
ఈ ఆదివారం నా ప్రత్యర్థి జట్టులో ఇన్సినెరోర్, అమూంగస్, మిలోటిక్, జాప్‌డోస్ ఉన్నాయి. ఈ నాలుగింటినే ఎక్కువగా దింపుతాడు. మొదటి టర్నులో ఇన్సినెరోర్‌తో ఫేక్ అవుట్ (ముందుగా తగిలి ఎదుటివారి ఆ టర్నును పోగొట్టే దెబ్బ) వేయించడం అతని అలవాటు.

నిశ్శబ్ద_ప్రేక్షకురాలు
అయితే ఆ కారణం నాకు కనిపిస్తోంది. ఫేక్ అవుట్ బరిలోకి దిగిన మొదటి టర్నులో మాత్రమే పనిచేస్తుంది. మొదటి టర్నులో లెడియన్‌తో ప్రొటెక్ట్ వేయించండి. ఇన్సినెరోర్ ఫేక్ అవుట్‌ను లెడియన్ మీద వేసినా, పక్కవారి మీద వేసినా, దాని చివరి మూవ్ అదే అవుతుంది. రెండో టర్నులో లెడియన్ ముందుగా కదిలి ఎంకోర్ వేస్తుంది, ఎందుకంటే ఇన్సినెరోర్ బేస్ స్పీడ్ 60 మాత్రమే. ఇక మూడు టర్నులపాటు అది ఫేక్ అవుట్ తప్ప మరొకటి వేయలేదు, వేసినా అది పనిచేయదు.

ఇదే పనిని విమ్సికాట్ చేయలేదన్నది గమనించండి. దాని ఎంకోర్‌కు ప్రాంక్‌స్టర్ అబిలిటీ ప్రాధాన్యం ఇస్తుంది, ఏడవ తరం నుంచి ప్రాంక్‌స్టర్ వల్ల ముందుకొచ్చిన అలాంటి మూవ్ డార్క్ టైప్ మీద చెల్లదు. ఇన్సినెరోర్ ఫైర్, డార్క్. అందరూ గొప్పదనుకునే అబిలిటీ అక్కడ అడ్డుపడుతుంది, ఆ అబిలిటీ లేని లెడియన్‌కు ఆ అడ్డంకి లేదు.

టెయిల్‌విండ్_తాత
చాలా బాగుంది తల్లీ. నేను ఎంకోర్ పేరు చెప్పి వదిలేశాను, నువ్వు దాన్ని ప్రయోగించాల్సిన చోటు చూపించావు.

ఓరుగల్లు_ఆటగాడు
ఇన్సినెరోర్‌ను వెనక్కి పిలిచేస్తే ఆ ఎంకోర్ వృథా. పైగా తిరిగి వచ్చినప్పుడు మళ్లీ ఇంటిమిడేట్ పడుతుంది, మళ్లీ ఫేక్ అవుట్ దొరుకుతుంది. ఇది ప్రత్యర్థికి మేలు చేసినట్టు కాదా?

లెక్కల_మాస్టారు
గోథిటెల్ పక్కన ఉంటే వెనక్కి పిలవలేడు. షాడో ట్యాగ్ ఉన్నంతసేపు ఘోస్ట్ టైప్ కానివి బరి వదలలేవు. యూ టర్న్ వేసి తప్పించుకోవచ్చు, కానీ ఎంకోర్ పడ్డాక యూ టర్న్ ఎంచుకునే వీలు లేదు. పార్క్ 2014 జట్టులో గోథిటెల్ ఉందని పైన చెప్పుకున్నాం. ప్రత్యర్థి మార్చుకునే అవకాశాన్ని తీసేస్తే చిన్న మూవ్‌లకు పెద్ద విలువ వస్తుంది. ఒక్క జాగ్రత్త తీసుకోండి: ఇన్సినెరోర్‌కు మెంటల్ హెర్బ్ ఉంటే ఎంకోర్ వెంటనే విడిపోతుంది.

డల్లాస్_బాబాయ్
ఫేక్ అవుట్ బెడదే వద్దనుకుంటే, మిగతా మూడింటిలో టాపు లేలే ఉందేమో చూడండి. అది తెచ్చే సైకిక్ టెరైన్ ఉంటే ముందుగా వచ్చే దెబ్బలు పడవు.

నిశ్శబ్ద_ప్రేక్షకురాలు
బాబాయ్ గారూ, ఆ రక్షణ నేలమీద ఉన్నవాటికే. లెడియన్ ఫ్లయింగ్ టైప్ కాబట్టి టెరైన్ దాన్ని కాపాడదు. అదే కారణంగా మిస్టీ టెరైన్, ఎలక్ట్రిక్ టెరైన్ ఉన్నా అమూంగస్ వేసే, నిద్రపుచ్చే స్పోర్ నుంచి దానికి రక్షణ లేదు. అందుకే అబిలిటీగా ఐరన్ ఫిస్ట్‌కు బదులు ఎర్లీ బర్డ్ పెట్టమంటాను. నిద్ర పట్టినా మామూలు కంటే రెండింతల వేగంగా మేలుకొంటుంది. ఈ ప్రత్యర్థి దగ్గర అమూంగస్ ఉంది కాబట్టి అది అక్కరకొస్తుంది.

డల్లాస్_బాబాయ్
సరిదిద్దినందుకు సంతోషం. నేలమీద ఉండాలన్న సంగతి నాకు తట్టలేదు.

కాకినాడ_కుర్రాడు
మూవ్‌లు ప్రొటెక్ట్, ఎంకోర్, టెయిల్‌విండ్, లైట్ స్క్రీన్ అనుకుంటున్నాను. ఐటెం దగ్గర ఆగిపోయాను. ఫోకస్ సాష్ (నిండు హెచ్‌పీతో ఉంటే ఒక్క దెబ్బకు పడిపోకుండా కాపాడేది) పెట్టాలా, లేక డిఫెన్స్‌లో ఈవీలు పెట్టి బెర్రీ ఇవ్వాలా?

లెక్కల_మాస్టారు
ఈ తరంలో తరచుగా ఎదురయ్యే లాండరస్ థీరియన్‌ను కొలబద్దగా పెట్టి చూద్దాం. పూర్తి ఎటాక్ ఈవీలతో దాని ఎటాక్ 197. హెచ్‌పీలో మాత్రమే ఈవీలు పెట్టిన లెడియన్‌కు 162 హెచ్‌పీ, 70 డిఫెన్స్ ఉంటాయి. రాక్ స్లైడ్ తగిలితే 236 నుంచి 280 వరకు పోతుంది, అంటే లెడియన్ ఒకటిన్నరసార్లు చనిపోయేంత. డిఫెన్స్‌లో కూడా పూర్తి ఈవీలు పెట్టి డిఫెన్స్ పెంచే బోల్డ్ నేచర్ ఇస్తే నష్టం 152 నుంచి 180 వరకు వస్తుంది. ఆ నష్టానికి సాధ్యమయ్యే పదహారు విలువల్లో ఏడింటిలో బతుకుతుంది, అదీ 10 లేక అంతకంటే తక్కువ హెచ్‌పీతో. అంత ఖర్చు పెట్టి సగం కంటే తక్కువ అవకాశాన్ని కొనుక్కోవడం నాకు నచ్చలేదు. స్పీడ్ కూడా పోతుంది. సాష్ పెట్టి, మిగతావన్నీ స్పీడ్‌లో, హెచ్‌పీలో పెట్టండి.

ఓరుగల్లు_ఆటగాడు
ఫేక్ అవుట్ తగిలితే సాష్ తెగిపోతుందని మరచిపోకండి. పోయేది కాస్త హెచ్‌పీయే అయినా, నిండుగా లేనప్పుడు సాష్ పనిచేయదు.

లెక్కల_మాస్టారు
అందుకే మొదటి టర్నులో ప్రొటెక్ట్ తప్పనిసరి. సాష్‌ను కాపాడేదీ అదే, ఎంకోర్‌కు దారి వేసేదీ అదే.

ఓరుగల్లు_ఆటగాడు
మొదటి టర్నులో ప్రత్యర్థి ఫేక్ అవుట్ వేయకుండా ఫ్లేర్ బ్లిట్జ్ వేస్తే? దాన్నే ఎంకోర్ చేసి మీ నెత్తిన మీరే నిప్పులు పోసుకుంటారు.

నిశ్శబ్ద_ప్రేక్షకురాలు
అప్పుడు ఎంకోర్ వేయకూడదు, టెయిల్‌విండ్ వేయాలి. ఈ ఎత్తు ప్రత్యర్థి అలవాటు మీద ఆధారపడింది, కాబట్టి మొదటి ఆటలో ఉన్నంత బలం రెండో ఆటలో ఉండదు. అది నిజమే.

పాతతరం_1999
టోర్కోల్ గురించి ఒక మాట చెప్పి తప్పుకుంటాను. మూడవ తరంలో వచ్చింది, ఏళ్ల తరబడి దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. 2016లో సన్, మూన్ ఆటల్లో దానికి డ్రాట్ అబిలిటీ ఇచ్చారు. ఎండను తానే తెచ్చుకోవడం మొదలుపెట్టింది. లోపమనుకున్న స్పీడ్ 20, నెమ్మదైనవే ముందు కదిలే ట్రిక్ రూమ్‌లో వరమైంది, అందరికంటే ముందుగా కదిలి, హెచ్‌పీ నిండుగా ఉన్నప్పుడు బలంగా తగిలే ఎరప్షన్ వేయసాగింది. దాని అంకెలు మారలేదు, వాటి అర్థం మారింది. లెడియన్‌కూ ఏదో ఒక తరంలో అలాంటి రోజు రావాలని నా కోరిక.

రెండో_చూపు
ఆ రోజు వచ్చేదాకా ఆగకుండా ఈ ఆదివారానికే సిద్ధం చేస్తున్నాం కదా. కుర్రాడు గారూ, ఫలితం ఏదైనా ఇక్కడ రాయండి. ఓడినా రాయండి, అలాంటి లెక్కలే ఎక్కువ నేర్పుతాయి.

కాకినాడ_కుర్రాడు
మ్యాచ్ అయింది. రెండు ఆటలు నావి, ఒకటి అతనిది.

మొదటి ఆటలో లెడియన్, గోథిటెల్‌లను ముందు నిలిపాను. అతను ఇన్సినెరోర్, అమూంగస్‌లను దింపాడు. ఫేక్ అవుట్ గోథిటెల్ మీద పడింది, లెడియన్ ప్రొటెక్ట్‌లో ఉంది, అమూంగస్ గోథిటెల్‌ను నిద్రపుచ్చింది. గోథిటెల్ నిద్రపోయినా షాడో ట్యాగ్ పనిచేస్తూనే ఉంటుందన్నది అతనికి ఆ క్షణంలో గుర్తురాలేదు. రెండో టర్నులో ఎంకోర్ పడింది. ఇన్సినెరోర్ మూడు టర్నులు వరసగా విఫలమైన ఫేక్ అవుట్ వేస్తూ నిలబడింది. అదే రెండో టర్నులో అమూంగస్ లెడియన్‌ను కూడా నిద్రపుచ్చింది, కానీ ఎర్లీ బర్డ్ వల్ల మరుసటి టర్నులోనే మేలుకొని టెయిల్‌విండ్ వేసింది. తర్వాత అజుమరిల్ వచ్చి ఆట ముగించింది. మామూలుగా 70 ఉండే దాని స్పీడ్ టెయిల్‌విండ్‌లో 140 అయింది. అతని జాప్‌డోస్ స్పీడ్ ఈవీలు లేకుండా 120 మాత్రమే కావడంతో దానికంటే ముందు కదలగలిగాను.

రెండో ఆటలో ఓరుగల్లు గారు హెచ్చరించిందే జరిగింది. మొదటి టర్నులో ఫ్లేర్ బ్లిట్జ్ వచ్చింది, ప్రొటెక్ట్ కాపాడింది. నిశ్శబ్ద గారు చెప్పినట్టు టెయిల్‌విండ్ వేయాల్సింది, నేను ముందే అనుకున్న క్రమాన్ని వదల్లేక ఎంకోర్ వేశాను. ఆ టర్నులో సాష్ మీద బతికింది, తర్వాతి టర్నులో పోయింది. ఆ ఆట ఓడిపోవడానికి కారణం లెడియన్ కాదు, నా నిర్ణయం.

మూడో ఆటలో లెడియన్‌ను ఆరింటిలో చూపించాను, దింపలేదు. అతను మళ్లీ ఎంకోర్ వస్తుందేమోనని ఇన్సినెరోర్‌ను వెనకే ఉంచి మిలోటిక్, జాప్‌డోస్‌లతో మొదలుపెట్టాడు. నా గార్‌చాంప్, అజుమరిల్‌లకు మొదటి రెండు టర్నులు ఫేక్ అవుట్ లేకుండా, ఇంటిమిడేట్ లేకుండా దొరికాయి. చివర్లో ఒక్క పోకెమాన్ తేడాతో గెలిచాను.

లెక్కల_మాస్టారు
మూడో ఆట వివరం నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించింది. బరిలో దిగకుండానే ప్రత్యర్థి క్రమాన్ని మార్చింది. ఏ డ్యామేజ్ కాలిక్యులేటర్‌లోనూ ఆ అంకె కనిపించదు. మొదటి ఆటలో పని చేసి చూపకపోతే మూడో ఆటలో ఆ భయం ఉండేది కాదన్నది కూడా లెక్కలో వేసుకోవాలి.

టెయిల్‌విండ్_తాత
శభాష్ నాయనా. రెండో ఆటలో జరిగింది అందరికీ జరిగేదే, బాధపడకు.

ఓరుగల్లు_ఆటగాడు
దింపడానికి కారణం చూపలేదని నేనే అన్నాను, ఇప్పుడు చూపించారు. ఈ ప్రత్యర్థి వరకు నా అభిప్రాయం మార్చుకుంటున్నాను. అయితే ఇన్సినెరోర్ లేని జట్టు ఎదురైతే అదే లెడియన్ చేసే పని ఏమిటన్న ప్రశ్న మిగిలే ఉంది.

కాకినాడ_కుర్రాడు
అదే ఇప్పుడు నా ముందున్న సమస్య. వచ్చే వారం ప్రత్యర్థి దగ్గర లాండరస్ థీరియన్, టోగెకిస్ రెండూ ఉన్నాయి. పైన మాస్టారు గారు చూపించిన 236 నుంచి 280 అన్న లెక్క నా కళ్ల ముందే ఉంది. చూపించి దింపకుండా ఉంటే సరిపోతుందా?

నిశ్శబ్ద_ప్రేక్షకురాలు
ఈసారి చూపించడం వల్ల కూడా లాభం తక్కువ. అతను భయపడి వెనక ఉంచుకోవాల్సిన మూవ్ ఏదీ అతని దగ్గర లేదు. జాలీ నేచర్ ఉంటే లాండరస్ స్పీడ్ 157, లెడియన్ 150, అంటే స్పీడ్ పెంచే స్కార్ఫ్ ఐటెం లేకపోయినా ముందు అదే కదులుతుంది. ఆ ఆరో చోటును ఫెరోథార్న్‌కు ఇవ్వండి.

లెక్కల_మాస్టారు
అడమెంట్ అయితే లాండరస్ స్పీడ్ 143కు మించదు, అప్పుడు లెడియన్ ముందు కదులుతుంది. గత మ్యాచ్‌ల రీప్లేలు ఉంటే లాండరస్ ఏ స్పీడ్‌తో కదిలిందో చూసి ఇక్కడ పెట్టండి. ఆరో చోటు సంగతి అది చూశాక మాట్లాడుకుందాం.

కాకినాడ_కుర్రాడు
రీప్లేలు మూడు ఉన్నాయి. ఈ రాత్రి కూర్చుని టర్ను టర్నుకూ రాసి పెడతాను.